యాభై దాటాక కొత్త భాష వస్తుందా, మెదడు కణాలు రోజూ చచ్చిపోతుంటాయి కదా?

వస్తుందండి. అమ్మాయి ఉద్యోగం కోసం చెన్నైకి మారేటప్పటికి నాకు యాభై నాలుగేళ్లు, తమిళంలో ఒక్క అక్షరం రాదు. ఇప్పుడు బస్సు బోర్డులు, కరెంటు బిల్లు, వారపత్రికల్లో కథలు చదువుతున్నాను.

కణాలు రోజూ లక్షల్లో రాలిపోతాయన్న భయం పెట్టుకోకండి. మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు, ఉంటాయి. జబ్బు లేని మెదడులో వయసుతో పోయేవి తక్కువే. నేర్చుకున్నప్పుడు ముఖ్యంగా మారేది న్యూరాన్ల మధ్య ఉండే సంధులు, అంటే సినాప్సులు. 1973లో బ్లిస్, లోమో అనే శాస్త్రవేత్తలు కుందేళ్ల మెదడులో జ్ఞాపకాలకు కీలక భాగమైన హిప్పోకాంపస్‌లో ఒక నాడీ మార్గాన్ని గబగబా ప్రేరేపించి చూశారు. ఆ తర్వాత గంటల తరబడి అక్కడి సంధులు మునుపటికన్నా గట్టిగా స్పందించాయి.

పిల్లల మెదడులో ఈ సంధులు అవసరానికి మించి ఏర్పడి, వాడనివి తగ్గిపోతాయి. కొత్త ధ్వనులు వాళ్లకు పట్టుబడినంత తేలిగ్గా మనకు పట్టుబడవు, అది నిజమే. కానీ తలుపేం మూసుకుపోదు. లండన్‌లో ట్యాక్సీ లైసెన్సు కావాలంటే వేల వీధులు కంఠతా రావాలి. 2011లో వచ్చిన పరిశోధనలో, ఆ పరీక్ష పాసైనవాళ్లకు హిప్పోకాంపస్ వెనుక భాగం పెరిగింది, తప్పినవాళ్లకు పెరగలేదు. వాళ్లంతా పెద్దవాళ్లే!

నాకు బాగా పనికొచ్చింది ఒకటే: పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడం. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. చెన్నైలోని 'గిండి' అనే ప్రాంతం పేరు బోర్డు మీద కనిపించేది 'కిండి'లాగే. బస్సు దగ్గరికి వచ్చేలోపు బోర్డు చదివి, పలకాల్సింది ఏదో మనసులో అనుకుని, కండక్టర్ కేకతో సరిచూసుకునేదాన్ని. ఇరవైసార్లు తిరిగి చదివినా రానిది ఇలా వచ్చేసింది. ఒకేరోజు గంటలు కూర్చోవడం కన్నా రోజుకి కాసేపు, మధ్యలో ఖాళీ ఇచ్చి చదవడం మేలు. నిద్ర తగ్గించుకోవద్దు, పగలు నేర్చుకున్నది స్థిరపడేందుకు నిద్ర సాయం చేస్తుంది.

పేర్లు ఠక్కున గుర్తురాకపోవడం ఈ వయసులో మామూలే, టెన్షన్ పడకండి. తెలిసిన వీధిలోనే దారి తప్పుతున్నా, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నా మాత్రం న్యూరాలజిస్టుకి చూపించుకోండి.