నెత్తురు నీళ్లలాంటిదేనా?

ప్రశ్న: రక్తనాళాల్లోకి బుల్లి రోబోలను పంపి గడ్డలు కరిగిస్తారనీ, దానికోసం రక్తప్రవాహాన్ని ముందే కంప్యూటర్లో లెక్కకడతారనీ చదివాను. రక్తం కూడా నీళ్లలాంటి ద్రవమే కదా, అంత లెక్క దేనికి? రోబో ఈదుకుంటూ వెళ్లిపోదా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఈ లెక్కలు కట్టడమే నా ఉద్యోగం కాబట్టి కాస్త పక్షపాతంతోనే చెబుతాను. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమనిలో అయితే మీరన్నది దాదాపు నిజమే. అక్కడ రక్తాన్ని ఒకే ద్రవంగా అనుకుని లెక్కకట్టినా పెద్దగా తేడా రాదు. చిక్కంతా సన్న నాళాల్లోనే.

రక్తంలో 40 నుంచి 45 శాతం ఎర్రకణాలే. ఒక్కోటి 8 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్) వెడల్పు. అన్నిటికంటే సన్నని నాళాలైన కేశనాళికల్లో కొన్ని 5 మైక్రాన్లే. అక్కడికి రాగానే కణం గొడుగులా ముడుచుకుని, ఒకదాని వెనక ఒకటిగా దూరిపోతుంది. ఇక్కడ 'ద్రవం' అనే మాటకు అర్థం లేదు, ఒక్కో కణం వంపునూ విడిగా లెక్కకట్టాల్సిందే. ఇంకో విడ్డూరం: గొట్టం 0.3 మిల్లీమీటర్ల కంటే సన్నబడేకొద్దీ రక్తం చిక్కదనం తగ్గినట్టు ప్రవర్తిస్తుంది. ఫోరియస్, లిండ్‌క్విస్ట్ 1931లోనే దీన్ని చూపించారు. మెత్తటి ఎర్రకణాలు గొట్టం నడుమకు జరిగిపోతాయి, గోడ పక్కన ఉత్త ప్లాస్మా (కణాలు తేలే ద్రవం) పొర మిగులుతుంది. గట్టిగా ఉండే మన రోబోను మాత్రం అవే గోడ వైపు నెట్టేస్తాయి. కంప్యూటర్ తెరమీద ఈ తోపులాట చూడటం నాకిప్పటికీ సరదాయే.

ఇక ఈత సంగతి. అంత చిన్న వస్తువుకు ఊపు అనేదే ఉండదు. తోక ఆడించడం ఆపిన బ్యాక్టీరియా నీళ్లలో పరమాణువంత దూరం కూడా జారదని భౌతికశాస్త్రవేత్త పర్సెల్ 1976లో లెక్కచెప్పారు. అంత చిన్న రోబో ఆల్చిప్పలా తెరుచుకుని మూసుకున్నా ఉన్నచోటే ఉంటుంది. అందుకే మరమేకులా మెలితిరిగిన రోబోలను అయస్కాంత క్షేత్రంతో తిప్పుతారు. అలా తిరిగినా సెకనుకు చాలావరకు మిల్లీమీటరు లోపే. పెద్ద ధమనుల్లో గుండె కొట్టుకున్నప్పుడు రక్తం వేగం దాదాపు మీటరు! ఎదురీత మాట మరిచిపోండి.

కాబట్టి ప్రవాహంతోపాటే పోనిచ్చి, నాళం చీలే చోట మాత్రం కావలసిన కొమ్మలోకి మళ్లించాలి. అయస్కాంతంతో ఎప్పుడు, ఎంత బలంగా లాగాలన్నది లెక్క చెప్పాలి. రెండు గుండె స్పందనల మధ్య ప్రవాహం నెమ్మదించే క్షణం అన్నిటికంటే అనువైనది. మాంట్రియల్‌లో సిల్వాన్ మార్టెల్ బృందం 2007లో బతికున్న పంది మెడ ధమనిలో 1.5 మిల్లీమీటర్ల పూసను ఎం.ఆర్.ఐ. యంత్రంతోనే నడిపించింది. అది రోబో అనడం పెద్ద మాటే గానీ, దారి చూపించింది.

మీరు గడ్డల గురించి అడిగారు కదా, ఈత నిజంగా అక్కరకొచ్చేది అక్కడే. నాళం పూర్తిగా మూసుకుపోతే ఆ కొమ్మలో ప్రవాహమే ఉండదు. రక్తంలో వేసిన మందు కూడా పక్కదారిన పోతుంది. ఆ నిలవ రక్తంలోకి రోబో తిరుగుతూ చొరబడి, మందును గడ్డ దాకా కలియబెట్టగలిగితే చాలు, గడ్డను అదే తవ్వక్కర్లేదు.