డిపోలో అప్రెంటిసా, మోటార్ల షాపులో రోజు కూలా?

ప్రశ్న: మాది వీరవాసరం అండి. మా అబ్బాయి ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాడు. ఆర్టీసీ భీమవరం డిపోలో అప్రెంటిస్‌గా పేరొచ్చింది. ఏడాది పాటు నెలకు 7,000 ఇస్తారట. ఇక్కడ రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్ల మోటార్లకు కాలిన తీగ తీసి కొత్తది చుట్టే (రీవైండింగ్) షాపాయన రోజుకు 500 ఇస్తాను, రేపే రమ్మంటున్నాడు. వాడి మనసు షాపు మీదే ఉంది. మా ఆయన లేరు, ఇల్లు గడవాలి. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతే చూద్దాం. నెలకు 26 రోజులు పనుంటే షాపులో 13,000 వస్తాయి. డిపోలో ఇంచుమించు సగం. మీ పరిస్థితిలో ఆ తేడా చిన్నదని నేను అనను. అయితే ఏడాది పొడుగునా పని ఉంటుందా అని షాపాయన్ని అడగండి. రొయ్యకు తెల్లమచ్చ వ్యాధి తగిలి చెరువులు ఎండగట్టిన నెలల్లో ఏరేటర్లు తీసి గట్టు మీద పెట్టేస్తారు, మోటార్లు షాపుకు రావు.

షాపులో నేర్చే విద్య తక్కువదని ఎవరన్నా నమ్మకండి. నేను ఐటీఐలో పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కాలిన కాయిల్ విప్పుతూ చుట్లు లెక్కపెట్టడం, తీగ గేజి కొలవడం, స్లాట్లలో ఇన్సులేషన్ కాగితం సర్దడం, వార్నిష్ పట్టించి ఆరాక ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్‌తో చూడడం... క్లాసులో ఒక్కొక్కరి చేత ఒకటి రెండుసార్లు చేయించగలిగితే గొప్ప. షాపులో ఆ పని రోజూ ఉంటుంది. చెయ్యి తిరిగేది అక్కడే.

అయినా డిపోకే పంపమంటాను. షాపులో ఎన్నేళ్లు చేసినా చూపించుకోవడానికి కాగితం ఉండదు. డిపోలో ఏడాది పూర్తిచేసి ట్రేడ్ టెస్టు పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది, అది దేశమంతా చెల్లుతుంది. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చితీరాలని 1961 అప్రెంటిస్‌ల చట్టంలో లేదు, ఆ ధీమాతో పంపకండి. కానీ ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో 1995లో సుప్రీంకోర్టు, మిగతా అన్నీ సమానంగా ఉన్నప్పుడు అప్రెంటిస్ చేసినవాళ్లకే ముందు అవకాశం ఇవ్వాలంది.

నాకు అసలు భయం వేరే ఉంది. రాత్రిపూట ఏరేటర్ ఆగితే ఆక్సిజన్ అందక రొయ్య చచ్చిపోతుంది. రైతుకు టెన్షన్, కుర్రాడికి తొందర. తడి గట్టు మీద సప్లై తియ్యకుండానే చెయ్యి పెట్టేస్తారు. డిపోలో అప్రెంటిస్‌ను రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ప్రత్యేక అనుమతి లేకుండా పనిలో పెట్టకూడదు. శిక్షణలో దెబ్బ తగిలితే యాజమాన్యం పరిహారం ఇవ్వాలని అప్రెంటిస్‌ల చట్టంలోనే ఉంది. షాపులో అయితే వాడు అక్కడ పనిచేస్తున్నాడని రుజువు చెయ్యడానికే మీరు తిరగాలి.

చేరేటప్పుడు అప్రెంటిస్‌షిప్ కాంట్రాక్టు మీద సంతకం చేయించి, అది ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదైందో లేదో వాణ్ణే చూసుకోమనండి. స్టైపెండ్ మరుసటి నెల 10వ తేదీలోపు రావాలి. 2019లో సవరించిన నిబంధనల్లో ఐటీఐ వాళ్లకు 7,000 అన్నది కనీసం మాత్రమే, ఎక్కువ ఇవ్వకూడదని లేదు. షాపాయనతో తెగతెంపులు వద్దు. ఆదివారాలు వచ్చి బల్ల దగ్గర కూర్చుని కాయిల్ చుడతాడు, రానిస్తారా అని అడగండి. చెరువు మీదికి మాత్రం పంపనని గట్టిగా చెప్పండి.

ప్రశ్న: నరసాపురం దగ్గర మా ఊరు. పదో తరగతి పాసయ్యాను. రొయ్యల ప్లాంటులో అప్రెంటిస్ అని చేర్చుకుని, తలలు తీసిన కిలోల లెక్కన డబ్బులిస్తున్నారు. ఇలా ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వకూడదమ్మా. అప్రెంటిస్‌కు పీస్ రేటు కట్టకూడదని చట్టంలోనే రాసి ఉంది. 2019 నిబంధనల ప్రకారం పదో తరగతి పాసైనవాళ్లకు నెలకు కనీసం 6,000 రావాలి. మీ కాంట్రాక్టు కాపీ అడగండి. అలాంటిదేమీ లేదంటే మీరు అప్రెంటిస్ కానే కాదు, కార్మికురాలు. అప్పుడు కనీస వేతనం అడిగే హక్కు మీకుంది. పనిచేసిన తేదీలు, కిలోలు, ఇచ్చిన డబ్బు ఒక నోట్‌బుక్కులో రాసుకుని, తోటి అమ్మాయిల్ని కూడా తీసుకుని కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లండి. ఒక్కరే వెళ్లొద్దు.