ఖలీఫాల చరిత్ర చదువుతానంటున్న అమ్మాయికి దారి ఉందా?

ఖమ్మం నుంచి ఒక తల్లి రాశారు: "మా పాప బి.ఏ. హిస్టరీ రెండో ఏడాది. తొలి ఖలీఫాల కాలం మీద పరిశోధన చేస్తానంటోంది. మేం ముస్లింలం కాము, ఇంట్లో ఎవరికీ అరబ్బీ రాదు. బీఈడీ చేసి టీచరు పోస్టు చూసుకోమని వాళ్ల నాన్న అంటున్నారు. ఇది తిండి పెట్టే చదువేనా?"

అమ్మా, హిస్టరీ ఒక్కటే అయితే కష్టం. అరబ్బీ తోడైతే పెడుతుంది. మిగతా ఉత్తరమంతా ఆ మాట ఎందుకన్నానో చెప్పడానికే.

పాపకి ఆ కాలం మీద మనసు ఎందుకు పడిందో నాకు అర్థమవుతోంది. 602 నుంచి 628 దాకా బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం), సాసానీయ వంశం ఏలిన పర్షియా పోరాడి పోరాడి రెండూ నీరసపడ్డాయి. మహమ్మద్ ప్రవక్త 632లో కన్నుమూశారు. ఆయన తర్వాత ముస్లింలకు నాయకులైనవాళ్లే ఖలీఫాలు. 636లో యర్మూక్ దగ్గర వాళ్ల అరబ్బు సైన్యం చేతిలో ఓడి బైజాంటియం సిరియాను పోగొట్టుకుంది, 642 నాటికి ఈజిప్టూ పోయింది. 651లో పర్షియా రాజు మూడో యజ్దెగర్ద్ హత్యతో సాసానీయ రాజ్యమే ముగిసింది. ప్రవక్త పోయాక అంతా కలిపి ఇరవై ఏళ్లు కూడా కాదు.

గెలవడం ఒక ఎత్తు, గెలిచిన నేలను నడపడం ఇంకో ఎత్తు. నాకు ఆ రెండోదే ఎక్కువ ఇష్టం. ఖలీఫా ఉమర్ సైనికులను ఊళ్ల మీద పడనివ్వకుండా బస్రా, కూఫా, ఫుస్తాత్ లాంటి దండు పట్టణాల్లో ఉంచి, ఎవరికెంత భత్యమో పేర్లతో పట్టీ రాయించాడు. దాని పేరు దీవాన్. ఆ మాటే పర్షియన్, ఉర్దూల దారిలో మన దాకా వచ్చి 'దివాణం' అయింది. లెక్కలు మాత్రం పాత గుమాస్తాలే గ్రీకులో, పర్షియన్‌లో రాస్తూ వచ్చారు. వాటిని అరబ్బీలోకి మార్పించింది తర్వాతి ఖలీఫా అబ్దుల్ మాలిక్, అంటే దాదాపు అరవై ఏళ్ల తర్వాత.

వియన్నాలోని ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో 643 నాటి పపైరస్ (రెల్లు కాగితం) రసీదు ఒకటి ఉంది. ఈజిప్టులో అరబ్బు సైన్యం 65 గొర్రెలు తీసుకున్నట్టు గ్రీకులోనూ అరబ్బీలోనూ రాసి ఇచ్చిన చీటీ అది. బలాధురీ, తబరీ లాంటి చరిత్రకారులు రాసింది ఆ విజయాలకు రెండు వందల ఏళ్లు దాటాక. కాబట్టి అప్పటికప్పుడు రాసిన ఇలాంటి చీటీ విలువ చెప్పలేనిది. దాన్ని అనువాదంలో చదివితే సగమే అందుతుంది. అందుకే భాష అంటున్నాను.

మతం అడ్డు కాదు. ఈ రంగంలో పేరున్న పండితుల్లో ముస్లిమేతరులు ఎందరో ఉన్నారు.

మీకు హైదరాబాద్ దగ్గర కావడం పెద్ద అదృష్టం. ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఉస్మానియాలో, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయంలో అరబ్బీ చెబుతారు. 1888లో పుట్టిన దాయిరతుల్ మఆరిఫ్ ఉస్మానియా ప్రాంగణంలోనే ఉంది, అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేసే సంస్థ అది. ఢిల్లీ వెళ్లగలిగితే జేఎన్‌యూ, జామియా ఉన్నాయి.

ఇక ఉద్యోగం. హిస్టరీ లెక్చరర్ పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ఆ మాట దాచను. లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌ను హిస్టరీలో రాయవచ్చు, అరబ్ సంస్కృతి, ఇస్లామిక్ అధ్యయనాలు అని వేరే సబ్జెక్టూ ఉంది. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన భృతి) వస్తే పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు. పరిశోధన కుదరకపోయినా అరబ్బీ వచ్చినవాళ్లకు అనువాదం పని ఉంటుంది, గల్ఫ్‌తో వ్యాపారమున్న కంపెనీల్లోనూ అవసరం ఉంటుంది. ఒక్క జాగ్రత్త: గల్ఫ్‌లో మాట్లాడే అరబ్బీ వేరు, తబరీని చదివే గ్రాంథిక అరబ్బీ వేరు. పాప రెండోదానితో మొదలుపెట్టాలి. సివిల్స్‌కి పనికొస్తుందని మాత్రం లెక్క వేసుకోవద్దు. మెయిన్స్ జనరల్ స్టడీస్‌లో ప్రపంచ చరిత్ర 18వ శతాబ్దం నుంచే.

వాళ్ల నాన్నగారి మాటా కొట్టిపారేయకండి. బీఈడీ పీజీ తర్వాత కూడా చేసుకోవచ్చు, ఆ తలుపు ఇప్పుడే మూసుకుపోదు. గ్రాంథిక అరబ్బీ పట్టుబడటానికి మాత్రం ఏళ్లు పడుతుంది, అది ఆలస్యమైతే పరిశోధనే ఆలస్యమవుతుంది.

ఈ సెలవుల్లోనే అక్షరాలు మొదలుపెట్టించండి. రోజుకో గంట చాలు. ఆరు నెలలయ్యాక కూడా ఆ గంట కోసం ఎదురుచూస్తుంటే పీజీ ఎక్కడన్నది మాట్లాడుకుందాం. ఆ ఉత్తరం పాపనే రాయమనండి.