దినపత్రికలో పనిచేస్తూ గే ప్రేమ నవలలు రాయవచ్చా?

జర్నలిజం చదువుతున్న ఒక విద్యార్థి, దినపత్రికలో ఉద్యోగం చేస్తూ ఇద్దరు మగవాళ్ల ప్రేమ గురించి నవలలు రాస్తే ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందా, అసలు ఆ రెండు పనులకూ పొత్తు కుదురుతుందా అని అడిగారు. హైదరాబాద్‌లో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో చాలా ఏళ్లుగా సబ్ ఎడిటర్‌గా ఉంటూ, కలంపేరుతో అలాంటి నవలలు నాలుగు రాసినవాడిగా నా అనుభవం చెబుతాను.

ముందు ఉద్యోగం సంగతి. మీ నియామక పత్రాన్ని శ్రద్ధగా చదవండి. బయటి రచనలకు యాజమాన్యం అనుమతి ఉండాలన్న షరతు నా పత్రంలో ఉంది కనుక నేను రాతపూర్వకంగా అడిగాను, ఏం రాస్తున్నానో ఎడిటర్‌గారికి దాచకుండా చెప్పాను. పత్రిక పేరు ఎక్కడా రాకూడదన్న ఒక్క మాట మీద ఆయన ఒప్పుకున్నారు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, ఉద్యోగంలో భాగంగా పత్రిక కోసం రాసినదాన్ని పత్రికల్లో ప్రచురించే హక్కు యాజమాన్యానిది. సొంత సమయంలో రాసుకున్న నవల మీద హక్కు రచయితదే. ఆ తేడా చెరగకూడదని నేను నవలలో ఒక్క పేరా కూడా ఆఫీసు కంప్యూటర్‌లో టైప్ చేయను. డెస్కు పని సాయంత్రం మొదలై అర్ధరాత్రి దాటాక ముగుస్తుంది కాబట్టి నవలకు ఉదయం రెండు గంటలు మిగులుతాయి.

నేను రాయడం మొదలుపెట్టింది 2013 డిసెంబర్ 11న. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన భారత శిక్షాస్మృతి 377వ సెక్షన్‌పై వయోజనుల పరస్పర అంగీకార సంబంధం నేరం కాదంటూ 2009లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు ఆ రోజు కొట్టివేసింది. గేనైన నేనే ఆ వార్తను దిద్ది, పేజీకి పంపి, ఇంటికి వెళ్లి నిద్రపట్టక మొదటి అధ్యాయం రాశాను. 2018 సెప్టెంబర్ 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, వయోజనులు పరస్పర అంగీకారంతో పెట్టుకునే సంబంధం నేరం కాదని చెప్పినప్పుడు, మా శీర్షికలో ‘స్వలింగ సంపర్కం’ అనే రాశాం. చట్టం మాట్లాడింది ఆ చర్య గురించే కనుక వార్తగా అది సరైనదే. అయితే ఆ మాటలో ఎదురుచూపుకూ, అలకకూ చోటు లేదు. నా నవలల్లో దాన్ని ఒక్కసారి కూడా వాడలేదు.

నన్ను ఎక్కువగా కష్టపెట్టింది వ్యాకరణం. స్త్రీ పురుషుల ప్రేమకథలో ‘అన్నాడు’, ‘అంది’ అన్న క్రియలే ఎవరు మాట్లాడారో చెప్పేస్తాయి. ‘అతను అతని చెయ్యి పట్టుకున్నాడు’ అంటే పట్టుకున్నది ఎవరో, చెయ్యి ఎవరిదో తెలియదు. పేర్లే పదేపదే రాస్తే నేర వార్తలా ఉంటుంది. ఒకరిని ‘అతను’ అని, మరొకరిని ‘వాడు’ అని రాసి చూశాను గానీ, ‘వాడు’ అయినవాడు రెండో అధ్యాయానికే చిన్నబోయాడు. చివరికి పిలుపులు దారి చూపించాయి. మగ స్నేహితులు ‘ఒరేయ్’ అనుకోవడం మామూలే కాబట్టి అందులో ప్రేమ వినిపించదు. అందరినీ ‘రా’ అని పిలిచే కుర్రాడు ఒక్కరి దగ్గర మాత్రం ఆ మాట నోటికి రాక పేరును పూర్తిగా పలికితే, పాఠకులకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

ఒక హద్దు మాత్రం గట్టిగా పెట్టుకోండి: డెస్కుకు వచ్చే వార్తల్లోని మనుషులను కథలోకి లాగవద్దు. ఒకసారి కంట్రిబ్యూటర్ పంపిన సింగిల్ కాలమ్ వార్తలో, ఇద్దరు యువకులు కలిసి ఊరు విడిచి వెళ్లిపోయారని పేర్లతో సహా ఉంది. ఇద్దరూ మేజర్లు, నేరమేమీ లేదు, ఫిర్యాదు కూడా లేదు. ఆ వార్త వేస్తే వాళ్లను వెతికి పట్టుకునే పని మనమే సులువు చేసినట్టవుతుందని ఇన్‌చార్జితో చాలాసేపు వాదించి ఆపించాను. వాళ్లు ఎక్కిన బస్సు ఎటు వెళ్లి ఉంటుందని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను, కానీ ఆ ప్రయాణాన్ని ఏ నవలలోనూ రాయలేదు.