10జి అప్‌లింక్ కార్డు ఓకే అంటోంది, లింక్ మాత్రం రావట్లేదు: కార్డు తిప్పి పంపే ముందు చూడాల్సినవి

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది: రౌటర్‌లో రెండు పోర్టుల 10జి (సెకనుకు 10 గిగాబిట్ల) ఫైబర్ అప్‌లింక్ కార్డు, అంటే రౌటర్‌ను అవతలి నెట్‌వర్క్‌కు కలిపే కార్డు, కొత్తగా వేశారు, కార్డు స్టేటస్ ఓకే అని చూపిస్తోంది, ఒక పోర్టులో లింక్ అసలు రావట్లేదు, రెండో పోర్టులో వస్తోంది కానీ పడిపోతోంది, మళ్లీ లేస్తోంది. అవతలి చివర రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. రెండు పోర్టుల మాడ్యూళ్లు (పోర్టులో దూర్చే, లైట్ పంపి అందుకునే చిన్న ముక్కలు) అటుదిటు మార్చినా తేడా లేదు. కార్డు పోయింది, తిప్పి పంపండి అని సప్లయర్ అంటున్నాడు.

ఇప్పుడే పంపకండి. ఇలాంటి అప్‌లింకులు వేయడం, పడిపోయినవి లేపడం నా రోజువారీ పని. కార్డు నిజంగా చచ్చిపోయిన సందర్భాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ రౌటర్ కార్డును గుర్తుపట్టి, బూట్ చేసి, ఓకే అని చూపించాక కూడా లింక్ రావట్లేదంటే తప్పు ఎక్కువసార్లు కార్డు బయటే దొరుకుతుంది. మాడ్యూల్, ప్యాచ్ కేబుల్ (పోర్టుకు పెట్టే చిన్న ఫైబర్ కేబుల్), ప్యాచ్ ప్యానెల్ (కేబుళ్లు ఒకదానితో ఒకటి కలిసే పెట్టె), లేదా అవతలి చివర, వీటిలో ఏదో ఒకటి. ఏదో తేల్చడానికి ఊహలు అక్కర్లేదు, నంబర్లు రౌటరే ఇస్తుంది.

ముందు కార్డు సంగతి తొందరగా చూసి పక్కన పెట్టేద్దాం. ఆ కార్డును మీ రౌటర్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ సపోర్ట్ చేస్తుందా, ఆ స్లాట్‌కు 10జి బ్యాండ్‌విడ్త్ ఉందా, కొన్ని మోడళ్లలో 10జి పోర్టులకు విడిగా లైసెన్స్ కావాలి కాబట్టి అది ఉందా, చూడండి. కార్డు రెండు పక్కలా ఉన్న లివర్లు పూర్తిగా మూసుకుని స్క్రూలు బిగిసి ఉండాలి, ఒక పక్క కొంచెం పైకి లేచి కూర్చున్న కార్డు ఒక్కోసారి బూట్ అవుతుంది కానీ తిక్కతిక్కగా పనిచేస్తుంది. మళ్లీ తీసి పెట్టాల్సి వస్తే చేతికి గ్రౌండింగ్ స్ట్రాప్ కట్టుకోండి, మీ మోడల్‌లో కరెంటు ఉండగా కార్డు తీయొచ్చో లేదో మాన్యువల్‌లో చూడండి, తీయొచ్చన్నా సరే ముందు కమాండ్‌తో ఆ స్లాట్‌ను ఆపి ఆ తర్వాతే లాగండి. ఇంకోటి, పాత కార్డు మీద ఉన్న కాన్ఫిగ్ కొత్త కార్డుకు దానంతటదే రాదు. ఇంటర్‌ఫేస్ పేరు గిగాబిట్ నుంచి టెన్‌గిగాబిట్‌కు మారిపోతుంది, కొత్త ఇంటర్‌ఫేస్ చాలా రౌటర్లలో షట్‌డౌన్ స్థితిలోనే ఉంటుంది. ఇంత చిన్న విషయానికి ఫైబర్ టీమ్‌ను పిలిపించిన వాళ్లను చూశాను.

ఇప్పుడు అసలు విషయం. ఫైబర్ లింక్ అంటే ఒక దారి కాదు, రెండు దారులు. మీ దగ్గర్నుంచి వెళ్లే లైట్ ఒక పోగులో వెళ్తుంది, మీకు వచ్చే లైట్ ఇంకో పోగులో వస్తుంది. ఒక దారి బాగుండి ఇంకోటి పాడైనా 10జి లింక్ రెండు వైపులా డౌన్ అవుతుంది, ఎందుకంటే లైట్ సరిగ్గా అందని వైపు లోకల్ ఫాల్ట్ గుర్తించి, నాకు అందట్లేదని అవతలి వైపుకు రిమోట్ ఫాల్ట్ పంపిస్తుంది. కాబట్టి "అవతల కూడా డౌన్ అంటున్నారు" అనే మాటకు విలువ లేదు. లోకల్ ఫాల్ట్ ఎటు కనిపిస్తోందో అడగండి. ఎటు కనిపిస్తే అటు వచ్చే దారి పాడైనట్టు.

దాన్ని నంబర్లతో పట్టుకోవాలి. సిస్కో రౌటర్ అయితే షో ఇంటర్‌ఫేసెస్ ట్రాన్స్‌సీవర్ డీటెయిల్, లేదా ఆ ప్లాట్‌ఫామ్‌లో దానికి సమానమైన కమాండ్. జూనిపర్ అయితే షో ఇంటర్‌ఫేసెస్ డయాగ్నస్టిక్స్ ఆప్టిక్స్. మాడ్యూల్‌కు డిజిటల్ మానిటరింగ్ ఉంటే టెంపరేచర్, లేజర్ కరెంట్, పంపే పవర్, అందే పవర్ అన్నీ వస్తాయి. మీకు ముఖ్యమైనవి చివరి రెండు. వాటిని మీ వైపు నుంచి, అవతలి వైపు నుంచి, రెండు పోర్టులకూ తీసుకుని ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. నేను ఇలా రాసుకోకుండా ఏ కేబులూ ముట్టుకోను, ఎందుకంటే ఒకసారి కదిపాక ముందు ఎంత ఉందో ఇక తెలియదు.

రెండు కిలోమీటర్లంటే మీది సింగిల్ మోడ్ (దూరాలకు వాడే సన్న కోర్ ఫైబర్) మీద ఎల్ఆర్ రకం మాడ్యూల్ అయి ఉండాలి, 1310 నానోమీటర్లు, 10 కిలోమీటర్ల వరకు లాగేది. స్టాండర్డ్ ప్రకారం అది పంపే పవర్ మైనస్ 8.2 నుంచి ప్లస్ 0.5 డీబీఎం (లైట్ పవర్ కొలత) మధ్య ఉండాలి, అందే పవర్ మైనస్ 14.4 కంటే కిందికి పోకూడదు. ఇప్పుడు లెక్క వేయండి. ఈ వేవ్‌లెంగ్త్‌లో ఫైబర్ కిలోమీటరుకు 0.4 డీబీ (దారిలో పోయే పవర్ కొలత) వరకు తింటుంది, అంటే రెండు కిలోమీటర్లకు 0.8. మధ్యలో నాలుగు కనెక్టర్ జాయింట్లు ఉన్నాయనుకుని ఒక్కోదానికి అర డీబీ చొప్పున వేసినా 2. మొత్తం మూడు డీబీ లోపు. అవతలి వాళ్లు మైనస్ 2 పంపిస్తుంటే మీకు మైనస్ 5 దగ్గర అందాలి. మైనస్ 13 అందుతోంది అనుకోండి, పరికరం దాన్ని నార్మల్ అనే చూపించవచ్చు, ఎందుకంటే అది ఇంకా హద్దు లోపలే ఉంది. కానీ దారిలో ఎక్కడో ఎనిమిది డీబీ అదనంగా పోతోంది. మూడు డీబీ పోతే లైట్ సగమైనట్టు, కాబట్టి ఎనిమిది అంటే ఆరో వంతు కంటే తక్కువ మిగిలిందని. హద్దుకు అంత దగ్గరగా ఉన్న లింక్ కొంచెం కదలికకే పడిపోతుంది. మీ రెండో పోర్టు లక్షణం నాకు సరిగ్గా ఇలాగే అనిపిస్తోంది. అందే పవర్ మైనస్ 30, మైనస్ 40 అని చూపిస్తే మాత్రం లైట్ అసలు రావట్లేదన్నమాట. పోగు తెగింది, కనెక్టర్ వేరే చోట పెట్టారు, అవతలి లేజర్ ఆపేసి ఉంది, లేదా రెండు పోగులు తారుమారయ్యాయి. ఇవతలి టీఎక్స్ (లైట్ పంపే రంధ్రం) అవతలి ఆర్ఎక్స్‌లోకి (లైట్ అందుకునే రంధ్రంలోకి) వెళ్లాలి, మధ్యలో ప్యానెళ్లు ఎన్ని ఉంటే ఈ తారుమారుకు అంత అవకాశం. రెండు కనెక్టర్లను జతగా పట్టి ఉంచే ఎల్‌సీ క్లిప్ ఊడదీసి రెండు పోగులు అటుదిటు మార్చి చూడటానికి అర నిమిషం చాలు, మీ మొదటి పోర్టుకు ముందు అదే చేయండి.

ఆ తర్వాత మాడ్యూళ్ల బదులు కేబుళ్లు మార్చి చూడండి. ఒకటో పోర్టు ఫైబర్ రెండో పోర్టుకు, దానిది దీనికి. సమస్య ఫైబర్‌తో పాటు పక్క పోర్టుకు వెళ్లిపోతే కార్డు తప్పు కాదు, అంతే. మాడ్యూళ్లు మార్చినప్పుడు తేడా రాలేదన్నారు కదా, దాంతో మాడ్యూళ్ల మీద అనుమానం పోయింది గానీ కార్డు పోర్టా ఫైబరా అన్నది తేలలేదు.

శుభ్రం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇదే అందరూ వదిలేసేది. సింగిల్ మోడ్ ఫైబర్‌లో లైట్ వెళ్లే కోర్ వెడల్పు సుమారు 9 మైక్రాన్లు, తల వెంట్రుక మందం కంటే చాలా చాలా సన్నం. కంటికి కనపడని ఒక్క దుమ్ము రేణువు దాని మీద కూర్చుంటే చాలు. కొత్త ప్యాచ్ కేబుల్, అప్పుడే కవర్ విప్పాను, శుభ్రంగా ఉండకేం అంటారు. ప్లాస్టిక్ టోపీ లోపల ఉన్న మురికే కనెక్టర్‌కు అంటుకుంటుంది, ఫైబర్ కొనను పెద్దదిగా చూపించే స్కోప్‌లో పెట్టి చూస్తే తెలుస్తుంది. పెన్నులా ఉండే ఫైబర్ క్లీనర్ తీసుకుని, కనెక్టర్‌కు సూటిగా ఆనించి, క్లిక్‌మనే దాకా నెట్టండి. లోపలి దారం తిరుగుతూ కొనను తుడిచేస్తుంది. తర్వాత స్కోప్‌లో చూడండి, మరక ఉంటే మళ్లీ తుడవండి. అదే క్లీనర్‌తో మాడ్యూల్ రంధ్రాలు, ప్యానెల్ అడాప్టర్ లోపలి వైపు కనెక్టర్ కూడా తుడవాలి, ఒక పక్కే తుడిస్తే రెండో పక్క మురికి మళ్లీ దీనికి అంటుతుంది. నోటితో ఊదకండి, చొక్కా అంచుతో తుడవకండి. స్కోప్ పెట్టే ముందు, ఏ పోగులోకైనా చూసే ముందు లేజర్ ఆపి ఉందో లేదో ఖాయం చేసుకోండి. ఈ లైట్ ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనపడదు, కనపడలేదు కాబట్టి లేదనుకుంటే కన్నుకే ప్రమాదం.

ఒకసారి అచ్చం మీలాంటి కేసే నా దగ్గరికి వచ్చింది. లింక్ లేస్తుంది, సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడై వచ్చిన డేటా లెక్క) పెరుగుతూ ఉంటాయి, పడిపోతుంది. అప్పటికే కార్డు మార్చేశారు, కొత్త కార్డు మీద కూడా అదే వరస. పవర్ చూస్తే అవతలికి వెళ్లే దారి బాగుంది, ఇవతలికి వచ్చే దారిలోనే నష్టం. ప్యానెల్ తలుపు తీసి ఒక్కో జాయింటూ చూసుకుంటూ వెళ్తే నీలం రంగు అడాప్టర్ల వరుసలో ఒక ఆకుపచ్చ కనెక్టర్ దూరి కూర్చుంది. ఆకుపచ్చది ఏపీసీ, దాని కొన 8 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది. నీలం యూపీసీ, అది తిన్నగా ఉంటుంది. రెండూ ఒకే అడాప్టర్‌లో పడతాయి, క్లిక్ కూడా వస్తుంది, కానీ కొనలు ఆనుకోవు, మధ్యలో గాలి సందు మిగులుతుంది, లైట్ బోలెడు పోతుంది. సరైన ప్యాచ్ కేబుల్ వేయగానే నంబరు ఉండాల్సిన చోటికి వచ్చింది. అందుకే ప్యానెల్ దగ్గర రంగులు చూడమని అందరికీ చెప్తుంటాను. అక్కడ ఉన్నప్పుడే కేబుల్ ఎక్కడైనా తలుపు సందులో నలిగిందా, టై మరీ బిగించి కట్టారా, మడత పడిందా చూడండి. మామూలు ఫైబర్‌కు వంపు వ్యాసార్ధం 30 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు.

మాడ్యూళ్ల వైపు ఒక్క మాట. లాగ్‌లో అన్‌సపోర్టెడ్ ట్రాన్స్‌సీవర్ అని వస్తోందా చూడండి, వస్తే కంపెనీ కోడింగ్ సరిపోని మాడ్యూల్ అది, కొన్ని రౌటర్లు దాన్ని ఆపేస్తాయి. ఒకే పోగు మీద నడిచే బైడై మాడ్యూళ్లయితే రెండు చివరలా ఒకే రకం పెట్టకూడదు, ఒకటి 1270లో పంపితే రెండోది 1330లో పంపేది కావాలి. ఒక వైపు 1జి మాడ్యూల్, ఇంకో వైపు 10జి అయితే ఎంత లైట్ అందినా లింక్ రాదు.

ఇక కార్డు మంచిదా చెడ్డదా అని తేల్చే పరీక్ష. చిన్న ప్యాచ్ కేబుల్ ఒక పోగు తీసుకుని అదే మాడ్యూల్ టీఎక్స్ నుంచి ఆర్ఎక్స్‌కు పెట్టేయండి. ఎల్ఆర్ మాడ్యూల్‌కు ఇలా నేరుగా పెట్టవచ్చు, 40 కిలోమీటర్ల ఈఆర్ లాంటివి అయితే మధ్యలో అటెన్యుయేటర్ (లైట్ తగ్గించే ముక్క) లేకుండా పెట్టకండి, రిసీవర్ దెబ్బతినవచ్చు. ముందు ఆ పోర్టు మీద రౌటింగ్ కాన్ఫిగ్ తీసేయండి. లింక్ లేచి, అందే పవర్ పంపే పవర్‌కు దగ్గరగా ఉండి, అరగంట వదిలేసినా సీఆర్‌సీ పెరగకపోతే ఆ పోర్టు, ఆ మాడ్యూల్ రెండూ బాగున్నట్టే, ఇక ఫైబర్ వైపు నడవండి. పవర్ బాగానే ఉండి కూడా లింక్ లేవకపోతే, పక్క పోర్టులో బాగా పనిచేసిన మాడ్యూల్ తెచ్చి పెట్టినా ఇక్కడ లేవకపోతే, అప్పుడు కార్డు మీదే అనుమానం. అదే కార్డును ఇంకో స్లాట్‌లో వేసి చూడండి, అక్కడా అంతే అయితే తిప్పి పంపండి. లూప్ పెట్టినప్పటి పవర్ నంబర్లు, స్లాట్ మార్చాక వచ్చిన లాగ్ సప్లయర్‌కు పంపితే ఇక వాదన ఉండదు.

లింక్ లేచాక ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు చెప్పుకునే ప్రోటోకాల్) నైబర్ ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గర ఆగిపోతే కంగారు పడి మళ్లీ ఫైబర్ పీకకండి, రెండు వైపులా ఎంటీయూ (ఒక ప్యాకెట్‌కు ఉండే గరిష్ఠ సైజు) ఒకటేనా చూడండి. పాత కార్డు మీద పెద్ద ఎంటీయూ పెట్టి ఉంటే కొత్త ఇంటర్‌ఫేస్‌కు అది రాలేదు కదా.