తీవ్ర ప్యాంక్రియాటైటిస్‌లో ప్రోబయోటిక్ పొడి ట్యూబులో వేయించొచ్చా?

మామయ్య ఒంగోలులో ఐసీయూలో ఉన్నారు, ప్రోబయోటిక్ (మేలుచేసే సూక్ష్మజీవుల పొడి) సాచెట్లు కొనివ్వమంటారా, లేక చెన్నై తీసుకెళ్లి మల మార్పిడి (ఆరోగ్యవంతుల మలంలోని బాక్టీరియాని రోగి పేగులోకి ఎక్కించడం) చేయించాలా అని మీరు అడిగారు. ఈ దశలో రెండూ వద్దండీ. ఐసీయూలో ట్యూబ్ ఫీడ్ల పని చూసేదాన్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నా.

మీ ఆలోచన తప్పేం కాదు. ప్యాంక్రియాటైటిస్ అంటే క్లోమం వాపు, అది తీవ్రమైతే పేగుకి రక్తం సరిగా అందదు, దాని గోడ దెబ్బతింటుంది. లోపలి బాక్టీరియా గోడ దాటి, చచ్చిపోయిన క్లోమంలో చేరి చీము పట్టిస్తుంది. మంచి బాక్టీరియా పోస్తే ఇది ఆగుతుందని డాక్టర్లూ ఆశపడ్డారు. నెదర్లాండ్స్‌లో దాదాపు 300 మంది మీద పరీక్షించి 2008లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితం వేశారు. ఇన్ఫెక్షన్లు తగ్గలేదు. ప్రోబయోటిక్ ఇచ్చినవాళ్లలో 16 శాతం, ఇవ్వనివాళ్లలో 6 శాతం చనిపోయారు. ఇచ్చినవాళ్లలో 9 మందికి పేగుకి రక్తం ఆగింది, రెండోవైపు ఒక్కరికీ ఆగలేదు. మల మార్పిడి ఈ జబ్బుకి ఇంకా ప్రయోగ దశలోనే ఉంది, దానికోసం వెంటిలేటర్ మీదున్న మనిషిని హైవే ఎక్కించకండి.

ఇంకొక ప్రమాదం. కొన్ని సాచెట్లలో ఉండేది ఈస్ట్, సాకరోమైసిస్ బౌలార్డి. మంచం పక్కన ప్యాకెట్ చింపితే పొడి లేస్తుంది, చేతికంటుతుంది. అదే చేత్తో మెడ దగ్గరి సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసిన గొట్టం) ముట్టుకుంటే ఈస్ట్ రక్తంలోకి పోవచ్చు. సెంట్రల్ లైన్ ఉన్నవాళ్లకి అది ఇవ్వకూడదు.

పేగుని నిజంగా కాపాడేది ఆహారం. బీపీ కుదుటపడ్డాక, నోటితో తినలేకపోతే, ముక్కు ట్యూబులో 24 నుంచి 72 గంటల లోపు మొదలుపెట్టాలి. ట్యూబు పొట్టలో ఉన్నా చాలామందికి సరిపోతుంది, వాంతులు ఆగకపోతే చిన్నపేగులోకి దించుతారు. గంటకి 20 మి.లీ. దగ్గర మొదలెట్టి, తట్టుకునేకొద్దీ పెంచుతారు. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తుండాలి. నాలుగు గంటలకోసారి 30 మి.లీ. నీళ్లు పోసి ట్యూబు కడగాలి. సన్నటి ట్యూబు ఎక్కువగా మూసుకుపోయేది మాత్రలు నూరి పోయడం వల్లే, సిరప్ రూపం ఉందేమో అడగండి. ఇంటి నుంచి పెరుగు, మజ్జిగ తెచ్చి ఇందులో పోయొద్దు, ఎంత ప్రేమతో తెచ్చినా సరే.

యాంటీబయాటిక్ నడుస్తుంటే రౌండ్స్‌లో మర్యాదగానే అడగండి: "ఇన్ఫెక్షన్ ఉందనేనా సార్, ముందుజాగ్రత్తకా?" ముందుజాగ్రత్తకి వాడటం వల్ల లాభం తేలలేదు, పేగులోని మంచి బాక్టీరియా మాత్రం పోతుంది. అలాగని మీరే ఆపించకండి.

ఫీడ్ నడుస్తుండగా పొట్ట బిగుసుకుపోయినా, నొప్పి ఒక్కసారిగా పెరిగినా, విరేచనంలో రక్తం పడినా పంపు ఆపమని నర్సుకి చెప్పి, డ్యూటీ డాక్టర్‌ని వెంటనే పిలిపించండి. తెల్లారేదాకా ఆగొద్దు.