నెమలి మెడ ఎక్కడ తెగిందో వెతికే పద్ధతి

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటో చూశాను. పూజగది తలుపుకి నెమలి జాలీ, బాగా గీశావు. కోరెల్‌డ్రాలో బాగుంది, ఆటోక్యాడ్‌లో తెరిచినా బాగానే ఉంది, లేజర్ కోత మెషీన్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఓపెన్ కాంటూర్, అంటే గీత ఎక్కడో మూసుకోలేదు అని ఎర్రగా చూపిస్తోందని రాశావు. రేపు షీటు వస్తోందని టెన్షన్ పడుతున్నావు. టెన్షన్ వద్దు, కానీ ఇది తేలేదాకా షీటు మెషీన్ ఎక్కించకు.

తెర మీద కనబడే గీతను నమ్మకు. నీ కంటికి నెమలి మెడ ఒకటే వంపు. ఫైల్లో అది రెండు వందల ముక్కలు అయి ఉండొచ్చు. రెండు ముక్కల మధ్య 0.02 మిల్లీమీటర్ల సందు ఉంటే మామూలు జూమ్‌లో అస్సలు తెలీదు. ముక్కలు కలవకపోతే మెషీన్ ఒక్కోదాన్నీ విడి కోతగా తీసుకుంటుంది, ప్రతి కోతకీ కొత్తగా పియర్సింగ్ కొడుతుంది, అంటే షీటుకి మొదలు చిల్లు పెడుతుంది, అంచు పొడుగునా మచ్చలు పడతాయి. అంతకన్నా పెద్ద చిక్కు కెర్ఫ్‌ది, అంటే లేజర్ కోసేటప్పుడు కరిగిపోయే సన్న వెడల్పుది. గీత మూసుకుని ఉంటేనే ఏది లోపల, ఏది బయట అన్నది దానికి తెలుస్తుంది. తెలియకపోతే ఎటు జరిగి కోయాలో తేల్చుకోలేదు, కొలత తప్పుతుంది.

ఆటోక్యాడ్‌లో ఆ మెడని సెలెక్ట్ చేసి లిస్ట్ కమాండ్ కొట్టు. స్ప్లైన్ (నునుపైన ఒకే వంపు) అని వస్తుందా, పాలీలైన్ (ముక్కలు కలిపిన ఒకే గీత) అని వస్తుందా, లేక లైను కింద లైను వరసగా దిగుతూ పోతుందా? అక్కడే సగం జవాబు దొరుకుతుంది. కోరెల్ వంపుల్ని బెజియర్‌గా, అంటే కొన్ని బిందువులతో లెక్కగట్టే వంపులుగా దాచుకుంటుంది. ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి బొమ్మను మోసుకెళ్లే ఫైలు డీఎక్స్ఎఫ్, అది 1982లో మొదటి ఆటోక్యాడ్‌తోనే వచ్చిన ఫార్మాట్. దాని పాత రూపాల్లో స్ప్లైన్ అనేదే లేదు. షాపుల్లో ఉన్న చాలా మెషీన్ సాఫ్ట్‌వేర్లు లైను, ఆర్క్, పాలీలైన్ వరకే నమ్మకంగా చదువుతాయి. అందుకే స్ప్లైన్‌ను స్ప్లైన్‌గా పంపకు. మార్చే పని నీ చేతుల్లో ఉంచుకో, అవతలి ప్రోగ్రామ్‌కి వదిలేస్తే అది తనకు తోచినట్టు మారుస్తుంది.

మార్చేటప్పుడు ముక్కలు ఎంత సన్నగా ఉండాలి అంటావు. 50 మిల్లీమీటర్ల రేడియస్ ఉన్న వృత్తం తీసుకో. అసలు వంపు నుంచి 0.05 మిల్లీమీటర్ల తేడా చాలనుకుంటే ఒక్కో ముక్క నాలుగున్నర మిల్లీమీటర్లు, చుట్టూ సుమారు 70 ముక్కలు వస్తాయి. 0.01 కావాలంటే ముక్క 2 మిల్లీమీటర్లు, మొత్తం 157. తలుపు జాలీకి మొదటిదే చాలు. కుర్రాళ్లు నాణ్యత కోసమని వేల ముక్కలు చేస్తారు, ప్రతి మలుపులో లేజర్ హెడ్ ఆగి ఆగి కదులుతుంది, చేత్తో తడిమితే అంచు గరగరలాడుతుంది. నీ నెమలి ఈకల దగ్గర నోడ్లు (గీత మీది బిందువులు) మరీ కిక్కిరిసి ఉన్నాయి. కోరెల్‌లోనే రెడ్యూస్ నోడ్స్‌తో తగ్గించు, ఆ తర్వాతే ఎక్స్‌పోర్ట్ చెయ్యి.

ఇంకో అనుమానం. ఆ ఈకల్ని ఫోటో నుంచి ట్రేస్ చేసి ఉంటావు. అవుట్‌లైన్ ట్రేస్ వాడితే సన్న గీతకి అటూ ఇటూ రెండు అంచులూ వస్తాయి. ఈకలోని నరాలు నీకు చెక్కుడు గీతలుగా కావాలంటే సెంటర్‌లైన్ ట్రేస్ వాడాలి.

నా అనుభవం ఒకటి చెప్తాను. ఆటోనగర్‌లో పనిచేసే రోజుల్లో ఒక కస్టమర్ ఫైల్ వచ్చింది. తెర మీద లోపమేమీ లేదు. ఒకే గీత మీద మరో గీత ఉందని నేను చూసుకోలేదు. లేజర్ హెడ్ ఒకే దారిలో రెండుసార్లు తిరిగింది, అంచు మాడింది, 2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ షీట్లు మూడు పోయాయి. ఆ రోజు ఓనరు ముందు నిలబడ్డప్పటి బాధ నాకింకా గుర్తుంది. అప్పటినుంచి ఓవర్‌కిల్, అంటే ఒకదాని మీద ఒకటి పడ్డ గీతల్ని తీసేసే ఆటోక్యాడ్ కమాండ్ కొట్టకుండా ఏ ఫైలూ బయటికి పంపలేదు.

నువ్వూ ఈ వరసే పాటించు, ఎప్పుడూ కాపీ మీదే. ముందు ఫ్లాటెన్, అంటే అన్నిటినీ ఒకే మట్టానికి తేవడం. ఒక్క ముక్క జెడ్‌లో, అంటే ఎత్తులో, అరమిల్లీ పైకి ఉన్నా మిగతావాటితో కలవదు, పైనుంచి చూస్తే ఆ సంగతి తెలీదు. తర్వాత ఓవర్‌కిల్. ఆ తర్వాత ముక్కల్ని కలిపే పీఎడిట్‌లో మల్టిపుల్, జాయిన్, ఫజ్ దూరం (ఎంత సందు దాకా కలపాలో) 0.01తో మొదలుపెట్టి అవసరమైతే 0.05 దాకా. ఒకేసారి 1 ఇచ్చేస్తే కళ్లకీ ముక్కుకీ మధ్య ఉన్న సన్న పట్టీ కాస్తా కలిసిపోతుంది. ఆఖర్న రీజియన్ కొట్టి చూడు, అది మూసుకున్న గీతనే నిండు ఆకారంగా తీసుకుంటుంది. రీజియన్ కాని బొమ్మ ఎక్కడో తెరుచుకునో, తనను తానే దాటుకునో ఉంటుంది.

ఎంతకీ దొరక్కపోతే బొమ్మను సగం చేసి ఎక్స్‌పోర్ట్ చెయ్యి. ఎర్ర గుర్తు ఏ సగంలో వచ్చిందో దాన్ని మళ్లీ సగం చెయ్యి. ఏడెనిమిది సార్లలో ఒక్క ఈక దగ్గరికి వచ్చి ఆగుతావు. ఏదైనా ఆర్క్ అవతల ఎదురు దిక్కుకు తిరిగి కనబడితే ప్రాపర్టీస్‌లో నార్మల్ జెడ్ (ఆర్క్ ముఖం ఎటు తిరిగిందో చెప్పే అంకె) చూడు. మైనస్ 1 ఉంటే ఆ ఆర్క్‌ను టాప్ వ్యూలో మూడు పాయింట్లతో మళ్లీ గీసేయ్.

పక్కన ఒక 100 మిల్లీమీటర్ల చదరం గీసి దాన్నీ పంపు. అవతల కొలిచినప్పుడు 2540 అనో 3.937 అనో వస్తే అంగుళాల గొడవే, నెమలి జోలికి వెళ్లక్కర్లేదు, యూనిట్లు సరిచేస్తే చాలు.

ఇవన్నీ అయ్యాక మెడ భాగం ఒక్కటే తుక్కు షీటు మీద కోయించు. కోరెల్ ఫైలూ డీఎక్స్ఎఫూ రెండూ పంపు, రాత్రి భోజనమయ్యాక కూర్చుని చూస్తాను. అత్తయ్య నిన్ను అడిగానని చెప్పమంది.

మీ మావయ్య